ఓఎల్‌ఈడీనా, ఎల్‌సీడీనా? ముందు మీ హాలు సంగతి చెప్పండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టీవీల గురించే. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి దిగింది కదా, అందాకా వాయిదా వేసుకుంటూ వచ్చినవాళ్ళంతా ఇప్పుడు కొనే ఆలోచనలో ఉన్నట్టున్నారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది. మిగతావాళ్ళు అడిగినవాటికి కూడా చాలావరకు అందులోనే సమాధానం ఉంది, కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. హాలు వాకిలి పడమటి వైపు, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా లోపలికి వస్తుంది. పాత టీవీ పోయింది, ఈసారి 55 అంగుళాలది తీసుకుందామని షోరూంకు వెళ్ళాం. ఓఎల్‌ఈడీ 1,15,000 అన్నారు, మినీ ఎల్‌ఈడీ 68,000, మామూలు 4కే ఎల్‌ఈడీ 44,000. ఓఎల్‌ఈడీ చూసినప్పటి నుంచి మా అబ్బాయి అదే కావాలని పట్టుబట్టాడు. మా నాయన పొద్దున ఆరింటికి వార్తల చానెల్ పెడితే రాత్రి పడుకునేదాకా అదే నడుస్తుంది. ఈ మూడూ వేరు వేరు రకాలా? మాకు ఏది మంచిది?

జవాబు: మినీ ఎల్‌ఈడీ తీసుకోండి. మీ అబ్బాయి అంత తేలిగ్గా ఒప్పుకోడని తెలుసు, అతనికి చదివి వినిపించడానికే కారణాలన్నీ వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ పేర్ల గందరగోళం తీర్చుకుందాం. మూడు ధరలు చెప్పారు గానీ మీరు చూసినవి రెండే రకాలు. మామూలు ఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ రెండూ ఎల్‌సీడీ టీవీలే. క్యూఎల్‌ఈడీ అని రాసి ఉన్నా అదీ ఎల్‌సీడీయే. ఎల్‌సీడీలో తెరకు సొంత వెలుతురు ఉండదు. వెనకాల ఒక దీపం వెలుగుతూ ఉంటుంది, దాన్నే బ్యాక్‌లైట్ అంటారు, ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుతురును ఎక్కడ ఎంత వదలాలో ఎక్కడ ఆపాలో చూసుకుంటుంది, మనం కిటికీ రెక్కలు ఓరగా తెరిచినట్టు. ఆ దీపం స్థానంలో ఒకప్పుడు సన్నటి ట్యూబులైట్లు ఉండేవి, తర్వాత ఎల్‌ఈడీ బల్బులు వచ్చాయి, అప్పటి నుంచి కంపెనీలు టీవీ పేరే ఎల్‌ఈడీ అని మార్చేశాయి. క్యూఎల్‌ఈడీలో క్వాంటం డాట్లు అనే అతి సూక్ష్మమైన కణాల పొర అదనంగా ఉండి రంగులను ఇంకా శుభ్రంగా చూపిస్తుంది (ఆ కణాల మీద పనిచేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది). మినీ ఎల్‌ఈడీలో వెనకాల ఉండే బల్బులు చాలా చిన్నవి, చాలా ఎక్కువ. వాటిని గుంపులుగా విడదీసి, బొమ్మలో చీకటి ఉన్నచోట వెనకాల ఆ గుంపు వెలుతురు తగ్గిస్తారు, ఎండ ఉన్నచోట పెంచుతారు.

ఓఎల్‌ఈడీలో ఈ వెనక దీపమే లేదు. 4కే తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి, ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాలంటే అది పూర్తిగా ఆరిపోతుంది. కార్తీక పౌర్ణమికి గుడి మెట్ల మీద వరసగా పెట్టిన ప్రమిదలు గుర్తుతెచ్చుకోండి, ఒకటి కొండెక్కినా పక్కది వెలుగుతూనే ఉంటుంది. అందుకే రాత్రి లైట్లన్నీ ఆర్పేసి చూసేటప్పుడు ఆ నలుపు ముందు ఏ ఎల్‌సీడీ నిలవదు. నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ వస్తే ఎల్‌సీడీలో అక్షరాల చుట్టూ పొగలాగా వెలుతురు కనిపిస్తుంది, మినీ ఎల్‌ఈడీలోనూ కొంచెం ఉంటుంది, ఓఎల్‌ఈడీలో ఉండదు. హాల్లో ఒక మూలన కూర్చుని పక్కవాటుగా చూసినా రంగు పెద్దగా మారదు. క్రికెట్ బంతి ఎంత వేగంగా వెళ్ళినా వెనకాల తోక రాదు. మీ అబ్బాయి ఇష్టపడడంలో తప్పేమీ లేదు, బొమ్మ ఒక్కటే చూస్తే అతను చెప్పిందే నిజం.

కానీ అతను ఆ టీవీని షోరూంలో చూశాడు, మీరు పెట్టుకునేది మీ హాల్లో. నలుపు నల్లగా కనబడాలంటే గదిలో చీకటి ఉండాలి. తెర గాజు మీద వాకిలి వెలుతురు పడుతుంటే ఏ టీవీలో అయినా నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది, క్యూడీ-ఓఎల్‌ఈడీ అని కొత్తగా వచ్చిన రకంలో అయితే మరీ తొందరగా తిరుగుతుంది. అంటే మీరు 47,000 ఎక్కువ పెట్టి కొన్న ఆ గొప్ప గుణం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మీకు కనబడదు. పైగా తెర మొత్తం ఒకేసారి తెల్లగా వెలగాల్సి వస్తే ఓఎల్‌ఈడీ తన వెలుతురును తనే తగ్గించుకుంటుంది, కరెంటూ వేడీ హద్దు దాటకుండా అలా చేసి ఉంటారు. మధ్యాహ్నం మొదలయ్యే వన్డే మ్యాచ్‌లో తెర నిండా ఎండ పడ్డ మైదానమే కదా ఉండేది, సరిగ్గా అప్పుడే మీ హాల్లోకీ ఎండ వస్తుంది. అలాంటి చోట మంచి మినీ ఎల్‌ఈడీ బొమ్మ బాగా నిలబడుతుంది. టీవీ ఏదైనా సరే వాకిలికి ఒక మందపాటి కర్టెన్ వేయించండి, టీవీకి ఎదురుగా వాకిలి ఉంటే మాత్రం టీవీని వేరే గోడకు మార్చే వీలుందేమో ఒకసారి చూడండి.

ఇక మీ నాయనగారి వార్తల చానెల్. నేను అసలు భయపడేది దీని గురించే.

ఓఎల్‌ఈడీలో ‘ఓ’ అంటే ఆర్గానిక్, కర్బన పదార్థం. వెలిగేకొద్దీ అది అరుగుతుంది. తెర మొత్తం సమానంగా అరిగితే మనకు తెలియదు. కానీ మన తెలుగు వార్తల చానెళ్ళు ఎలా ఉంటాయో చూడండి: కుడివైపో ఎడమవైపో ఎప్పుడూ కదలని లోగో, కింద ఎర్రటి పట్టీ, దాని కింద ఇంకో స్క్రోలింగ్, ఒక మూల బ్రేకింగ్ న్యూస్ అని పెద్ద డబ్బా. రోజుకు పద్నాలుగు పదిహేను గంటలు అదే చోట అదే ఎరుపు, అదే తెలుపు వెలిగితే అక్కడి చుక్కలు మిగతావాటికంటే ముందే డస్సిపోతాయి. తర్వాత ఏ సినిమా పెట్టినా ఆ పట్టీ నీడలాగా కనబడుతూనే ఉంటుంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. మెకానిక్‌కు చూపించినా పోదు, ప్యానెల్ మార్చాల్సిందే, ప్యానెల్ ధర దాదాపు టీవీ ధరంత ఉంటుంది. కెనడాకు చెందిన ఆర్టింగ్స్ అనే టీవీలు పరీక్షించే సంస్థ 2018లో ఆరు ఓఎల్‌ఈడీ టీవీలను రోజుకు 20 గంటల చొప్పున నెలల తరబడి నడిపి చూసింది. వాటిలో వార్తల చానెల్ పెట్టి బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచిన టీవీ మీద మచ్చలు స్పష్టంగా వచ్చాయి. ఇప్పటి ప్యానెళ్ళు అప్పటికంటే మెరుగయ్యాయి, లోగో ఉన్నచోట వెలుతురు తగ్గించడం, బొమ్మను కొద్దికొద్దిగా జరపడం లాంటివి వాటంతటవే చేసుకుంటున్నాయి. అయినా పదార్థం అరిగే గుణం పోలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అనంతపురంలో మా చిన్నాన్న వాళ్ళకు ఓఎల్‌ఈడీ తీసుకోమని చెప్పింది నేనే. బొమ్మ చూసి నేనూ మురిసిపోయాను, ఆ ఇంట్లో పగలంతా రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో అడగలేదు. మూడో ఏడు తిరిగేసరికి కింది భాగంలో అడ్డంగా ఒక చార, పైన మూల లోగో ఆకారం. కంపెనీ మనిషి వచ్చి చూసి ఇది వారంటీలోకి రాదని చెప్పి వెళ్ళిపోయాడు. చిన్నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే నాకు ఇంకా బాధ. అప్పటి నుంచి ఎవరు టీవీ సంగతి అడిగినా మొదట రెండే అడుగుతున్నాను: పగలు మీ హాల్లో వెలుతురు ఎంత, రోజంతా నడిచేది ఏ చానెల్?

వేడి సంగతి కూడా ఉంది. చాలా టీవీల మాన్యువల్‌లో 40 డిగ్రీల లోపు వాడమని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో బయట 40 దాటడం మనకు కొత్త కాదు, ఏసీ లేని హాల్లో, పడమటి ఎండ కొట్టిన గోడకు ఆనించి పెట్టిన టీవీ వెనకాల ఇంకా ఎక్కువే ఉంటుంది. వేడి ఓఎల్‌ఈడీ పదార్థాన్ని తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. ఎల్‌సీడీకి కూడా వేడి మంచిది కాదు, ముఖ్యంగా అంచుల వెంట మాత్రమే బల్బులుండే బాగా పలచటి మోడళ్ళకు, అక్కడ వేడంతా ఒకేచోట చేరుతుంది. అందుకే ఎల్‌సీడీ కొనేటప్పుడు టీవీ ఎంత పలచగా ఉందో చూసి ముచ్చటపడకండి. గోడకూ టీవీకీ మధ్య గాలి ఆడనివ్వండి.

44,000 టీవీ ఎందుకు వద్దంటున్నానంటే, మీ గదిలో ఎండను తట్టుకునేంత వెలుతురు అలాంటి మామూలు ఎల్‌సీడీల్లో సాధారణంగా ఉండదు. డబ్బుకు ఇబ్బంది అయితే అదే తీసుకోండి, కర్టెన్ తప్పనిసరి చేసుకోండి, అప్పు చేయొద్దు. ఓఎల్‌ఈడీ బదులు మినీ ఎల్‌ఈడీ తీసుకుంటే మిగిలే 47,000లో కొంత పెట్టి ఒక సౌండ్‌బార్ తీసుకోండి. ఇప్పటి పలచటి టీవీల్లో స్పీకర్లు బలహీనంగా ఉంటాయి, వార్తలు వినబడక పెద్దవాళ్ళు వాల్యూం పెంచుకుంటూ పోవడానికి సగం కారణం అదే.

ప్రశ్న: అనంతపురంలో ఉంటాం, మేమిద్దరమే. పగలు ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. కేబుల్ కనెక్షన్ లేదు, రాత్రి తొమ్మిది తర్వాత ఓటీటీలో సినిమాలు, సిరీస్‌లు చూస్తాం. కర్టెన్లు వేసి లైట్లు ఆర్పేసి చూడడం మాకు ఇష్టం. ఓఎల్‌ఈడీ పాడైపోతుందని అందరూ భయపెడుతున్నారు. బెంగళూరులో తీసుకుంటే ధర తగ్గుతుందంటున్నారు, కారులో తెచ్చుకోవచ్చా?

జవాబు: తీసుకోండి, భయపడకండి. ఓఎల్‌ఈడీ మీలాంటివాళ్ళ కోసమే. రోజుకు రెండు మూడు గంటలు, రోజుకో సినిమా, చీకటి గది, ఇలా వాడితే మచ్చలు పడే అవకాశం చాలా తక్కువ. పైన కర్నూలు వాళ్ళకు రాసింది చదివి మనసు మార్చుకోవద్దు, వాళ్ళ ఇల్లు వేరు మీ ఇల్లు వేరు.

ఒక్క అలవాటు మాత్రం మార్చుకోవాలి. మనలో చాలామంది పడుకునే ముందు టీవీని స్విచ్ బోర్డు దగ్గరే ఆపేస్తాం, చిన్నప్పటి నుంచి ఇంట్లో అదే నేర్పారు. ఓఎల్‌ఈడీకి అది పనికిరాదు. కొన్ని గంటలు వాడిన తర్వాత రిమోట్‌తో ఆపినప్పుడు టీవీ లోపల తన చుక్కలను తనే పరీక్షించుకుని, ఏది ఎంత అరిగిందో చూసుకుని సరిచేసుకుంటుంది. తెర నల్లగానే ఉంటుంది కాబట్టి ఆ పని జరుగుతోందని మనకు తెలియదు, కొన్ని నిమిషాలు పడుతుంది. మీరు వెంటనే ప్లగ్ ఆపేస్తే ఆ పని జరగదు, అలా నెలల తరబడి జరగకపోతే మచ్చలు మీరే తెచ్చుకున్నట్టవుతుంది. రిమోట్‌తో ఆపి వదిలేయండి. స్టాండ్‌బైలో కాలే కరెంటు చాలా తక్కువ. ఊరికి వెళ్ళేటప్పుడో, ఉరుములు మెరుపులు వస్తున్నప్పుడో ప్లగ్ తీసేయండి, అది వేరే విషయం. మధ్యలో ఎప్పుడైనా కరెంటు పోతే ఏమీ కాదు, టీవీ ఆ పనిని తర్వాతిసారి చేసుకుంటుంది.

కారులో తేవడం గురించి: బెంగళూరు నుంచి అనంతపురం 200 కిలోమీటర్ల పైచిలుకు, జాతీయ రహదారి 44 మీద దారి బాగానే ఉంటుంది. కానీ 55 అంగుళాల టీవీ అడ్డంగా దాదాపు నాలుగడుగులు, దాని పెట్టె ఇంకా పెద్దది, అది నిలువుగా నిలబడి ప్రయాణం చేయాలి. వెనక సీటు మడిచి పడుకోబెట్టి తెస్తే మధ్యలో ఆసరా లేక ఆ పలచటి గాజు ఊగుతుంది, ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు. పగిలితే వారంటీ పనికిరాదు. రెండు మూడు వేలు తేడా అయితే అనంతపురంలోనే కొని వాళ్ళ చేతే ఇంటికి తెప్పించుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే పోయి అడగడానికి షాపు ఊళ్ళోనే ఉంటుంది.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నాను. ఐదేళ్ళ కిందటి 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీలో మాట వస్తోంది, బొమ్మ రావడం లేదు. పారేసి ఈ వంకతో ఓఎల్‌ఈడీ తీసుకుందామా?

జవాబు: ముందు రాత్రిపూట గదిలో లైట్లు ఆర్పి, టీవీ ఆన్ చేసి, సెల్‌ఫోన్ టార్చి తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడండి. లీలగా బొమ్మ కదులుతూ కనబడితే మీ ప్యానెల్ బాగానే ఉన్నట్టు, వెనక దీపం ఒక్కటే పోయింది. ఎల్‌ఈడీ బల్బులు పట్టీల మీద ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలిపి ఉంటాయి, ఒక్క బల్బు కాలినా చాలు, వరసంతా ఆగిపోతుంది, చాలా టీవీల్లో మొత్తం బ్యాక్‌లైటే ఆగిపోతుంది. మంచి మెకానిక్ ఉంటే పట్టీలు మార్చి ఇస్తాడు, కొత్త టీవీ ఖర్చులో అది చిన్న వంతే. ఒక్క కాలిన బల్బు కాకుండా పట్టీలన్నీ ఒకేసారి మార్పించుకోండి, లేకపోతే ఆరు నెలలకు ఇంకోటి పోయి మళ్ళీ ఇదే కథ. తెర విప్పేటప్పుడు పగిలే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పగిలితే బాధ్యత ఎవరిదో పని మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి.

బాగయ్యాక సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్ ఎంత ఉందో చూడండి, 100 మీద ఉంటే 60, 70కి దించండి. చాలా ఇళ్ళల్లో కొన్నరోజు నుంచి పూర్తిగా పెంచి వాడతారు, బల్బులు తొందరగా పోవడానికి అదొక పెద్ద కారణం. ఎల్‌సీడీలో నాకు నచ్చే గుణం ఇదే. దీపం పోతే దీపం మార్చుకోవచ్చు. ఓఎల్‌ఈడీలో దీపమూ తెరా ఒకటే కాబట్టి ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న: ప్రొద్దుటూరు. కొత్త 4కే టీవీ కొన్నాం. కేబుల్ చానెళ్ళు పాత టీవీలో కంటే మసకగా ఉన్నాయి. ఓఎల్‌ఈడీ తీసుకుని ఉంటే బాగుండేదా?

జవాబు: ఓఎల్‌ఈడీలోనూ ఇలాగే ఉండేది. మామూలు ఎస్‌డీ చానెల్‌లో నిలువునా 576 గీతలే వస్తాయి, మీ కొత్త తెరకు 2160 గీతలు కావాలి. ఉన్నదాన్ని సాగదీసి నింపాల్సిందే, తెర పెద్దదయ్యేకొద్దీ ఆ సాగదీత బయటపడుతుంది. సెట్‌టాప్ బాక్స్‌ను టీవీకి ఏ వైరుతో కలిపారో చూడండి. ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల వైరు అయితే తీసేసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. కేబుల్ అతన్ని అడిగి హెచ్‌డీ బాక్స్ తెప్పించుకుని, మీరు రోజూ చూసే నాలుగైదు చానెళ్ళకైనా హెచ్‌డీ ప్యాక్ వేయించుకోండి. టీవీలో షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టి ఉంటే బాగా తగ్గించండి, మసక బొమ్మలో అది అంచులను ఇంకా పాడుచేస్తుంది. అదే టీవీలో ఇంటర్నెట్ నుంచి ఒక 4కే వీడియో పెట్టి చూడండి, మీరు కొన్నది మంచి టీవీయే అని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: కర్నూలులో మా ఇల్లు హంద్రీకి దగ్గర. 2009 అక్టోబరు వరదలో ఇంట్లో వస్తువులన్నీ మునిగిపోయాయి. అప్పటి నుంచి మా నాయన ఏ వస్తువూ కింద పెట్టనివ్వడు. కొత్త టీవీ ఆరడుగుల పైన గోడకు బిగించాలంటున్నాడు. మంచిదేనా?

జవాబు: ఆ నీళ్ళు చూసినవాళ్ళ భయాన్ని కాదనలేను. మీ నాయనగారి మాట నిలబెడుతూనే బొమ్మ బాగుండేలా చూద్దాం.

అంత ఎత్తులో పెడితే రెండు ఇబ్బందులు. మెడ నొప్పి ఒకటి, అందరికీ తెలిసిందే. రెండోది, ఎల్‌సీడీల్లో వీఏ అనే రకం ప్యానెల్‌ను కింద నుంచో పక్క నుంచో చూస్తే రంగు వెలిసిపోయినట్టు కనబడుతుంది, ఐపీఎస్ రకంలో అంత తేడా రాదు కానీ దాంట్లో నలుపు తక్కువ. ఓఎల్‌ఈడీలో ఈ బాధ దాదాపు లేదు. కేవలం ఎత్తు కోసం ఓఎల్‌ఈడీ కొనమని మాత్రం చెప్పను. ముందుకు వంచే వీలున్న వాల్‌మౌంట్ తీసుకుని టీవీని కిందికి, మీరు కూర్చునే చోటు వైపు వంచి బిగించండి, ఏ ప్యానెల్ అయినా చాలావరకు సరిపోతుంది. లేదంటే మామూలుగా కంటికి ఎదురుగా ఉండే ఎత్తులోనే బిగించి, ఎత్తి తీయడానికి సులువైన మౌంట్ పెట్టించుకోండి, నీళ్ళు వచ్చే సూచన ఉంటే ఇద్దరు మనుషులు తీసి మిద్దె మీదికి చేర్చేయొచ్చు. మీ నాయనగారికి ఈ రెండోది చేసి చూపించండి, ఒప్పుకుంటారనుకుంటాను. పాత రాతి గోడ అయితే రాళ్ళ మధ్య మట్టి సందులో బోల్టు దిగకుండా, రాయిలోనే దిగేలా చూసుకోండి.

ప్రశ్న: పదడుగుల దూరం నుంచి చూస్తాం, 55 చాలా, 65 కావాలా? 8కే తీసుకుంటే ఇంకా బాగుంటుందా? (అనంతపురం)

జవాబు: పదడుగులకు 65 బాగుంటుంది, 55 కూడా తక్కువేమీ కాదు. ఏడెనిమిది అడుగులైతే 55 చాలు. 8కే వద్దు, అందులో చూడడానికి మనకు వచ్చేది దాదాపు ఏమీ లేదు. ఒకే డబ్బుకు 55 ఓఎల్‌ఈడీ, 65 మినీ ఎల్‌ఈడీ రెండూ వస్తుంటే, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే హాలుకు నేను 65 వైపే మొగ్గుతాను.

ప్రశ్న: షోరూంలో అన్ని టీవీలూ బ్రహ్మాండంగానే ఉంటాయి, అక్కడ తేడా ఎలా పట్టుకోవాలి? (కడప)

జవాబు: అక్కడ ఆడించేవి కంపెనీ వీడియోలు, నల్లటి వెనక తెర మీద రంగుల పూలు, చేపలు, కారే తేనె, అవి ఏ టీవీలో అయినా బాగుంటాయి. పైగా టీవీలు స్టోర్ మోడ్‌లో ఉంటాయి, వెలుతురూ రంగులూ చివరిదాకా పెంచి పెడతారు. మొదట దాన్ని హోం మోడ్‌లోకి మార్చమనండి, పిక్చర్ సెట్టింగ్‌లో సినిమా మోడ్ పెట్టమనండి. మీరు బాగా ఎరిగిన సినిమా పాటో, పెళ్ళి వీడియోనో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి పెట్టించండి, అందులో మనుషుల ముఖాలు ఉండాలి, ఎందుకంటే చర్మం రంగు తేడా వస్తే మన కంటికి వెంటనే తెలుస్తుంది. ఒక కేబుల్ చానెల్ పెట్టించండి. రాత్రి సన్నివేశం ఒకటి పెట్టించి నల్లటి చోట్ల ఏం కనబడుతోందో చూడండి. తర్వాత పక్కకు జరిగి, ఇంట్లో మీ అమ్మగారు కూర్చునే మూల ఎంత పక్కగా ఉంటుందో అంత పక్కనుంచి చూడండి. సేల్స్ కుర్రాడు తొందరపెడితే పెట్టనీయండి, ఇంతంత డబ్బు పోసి కొంటున్నది మీరు.

ఎల్‌సీడీ అయితే ‘లోకల్ డిమ్మింగ్ ఉందా, ఎన్ని జోన్లు’ అని అడగండి. వెనక బల్బులను గుంపులుగా విడదీసి వెలుతురు తగ్గించడం, పెంచడాన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు, ఒక్కో గుంపు ఒక జోన్. మినీ ఎల్‌ఈడీ అని పెట్టె మీద రాసి జోన్లు కొద్దిగానే పెట్టిన మోడళ్ళు కూడా ఉంటాయి, అందుకని అంకె చెప్పించుకోండి. బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, అదీ చూడండి. ఉజ్జాయింపుగా 120 వాట్ల టీవీ రోజుకు ఆరు గంటలు నడిస్తే నెలకు 22 యూనిట్ల దాకా అవుతుంది. ఓఎల్‌ఈడీ ఖర్చు బొమ్మను బట్టి మారుతుంది, తెర వెలుతురుగా ఉంటే ఎక్కువ, చీకటిగా ఉంటే తక్కువ, కాబట్టి కరెంటు బిల్లు చూసి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోనక్కర్లేదు.

వారంటీ కాగితంలో ప్యానెల్‌కు ఎన్నేళ్ళో, బర్న్-ఇన్ గురించి ఏం రాశారో కొనక ముందే చదివించుకోండి, నోటిమాట మీద ఊరుకోవద్దు. టీవీ ఇంటికి వచ్చాక పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, ఆన్ చేసి తెర నలుమూలలా చూసుకున్న తర్వాతే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టండి.